బయట పెట్టిన నకలు: రూట్ చేసిన ఆండ్రాయిడ్ ఫోన్లలో బ్యాకప్ చరిత్ర

ఫోన్ బ్యాకప్ అనగానే ఇవాళ చాలామందికి తెలిసింది సెట్టింగ్స్‌లో ఒక మీట, దాని కింద ఒక మెయిల్ ఖాతా. నకలు ఎక్కడికి పోతోంది, ఏ రూపంలో ఉంటోంది, అందులో ఏమేం చేరాయి, ఏమేం చేరలేదు అని అడిగేవాళ్లు తక్కువ. ఫోన్‌ను రూట్ చేసి, అంటే దాని మీద పూర్తి అధికారం తెచ్చుకుని, కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ తీసేసి వేరే రోమ్ ఎక్కించుకునేవాళ్లకు మాత్రం ఈ ప్రశ్నలు మొదటి రోజు నుంచీ తప్పలేదు. వాళ్లకు బ్యాకప్ అంటే పేరూ తేదీ ఉన్న ఒక ఫోల్డర్. దాన్ని తెరిచి చూడొచ్చు, కంప్యూటర్‌కు ఎక్కించుకోవచ్చు, కావలసిన ఒక్క ఫైలు బయటికి తీసుకోవచ్చు. ఆ ఫోల్డర్ చరిత్రను వెనక్కి తిరిగి చూస్తే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. నకలు తీశామా లేదా అన్నది ఎప్పుడూ సగం ప్రశ్నే. ఆ నకలు ఫోన్‌కు బయట ఉందా, దాన్ని తెరిచే తాళం ఎవరి దగ్గరుంది అన్నది మిగతా సగం. ఆండ్రాయిడ్ మారిన ప్రతి మలుపులోనూ ఆ బయటి చోటు కొంత కొంత తగ్గుతూ వచ్చింది. ఆ సంగతి ముందుగా గమనించిందీ, దెబ్బ తిన్నదీ, విరుగుడు వెతికిందీ ఫోన్‌ను మార్చుకునే ఈ ఔత్సాహికులే.

2008 అక్టోబరులో అమెరికాలో అమ్మకానికి వచ్చిన హెచ్‌టీసీ డ్రీమ్ మొదటి ఆండ్రాయిడ్ ఫోన్. దాని లోపలి ఫ్లాష్ మెమరీ మొత్తం 256 ఎంబీ. సిస్టమ్, యాప్‌లు, సందేశాలు అన్నీ అందులోనే సర్దుకోవాలి. ఫోటోలకు, పాటలకు మైక్రో ఎస్‌డీ కార్డు ఉండేది. ఫోన్ వచ్చిన కొద్ది వారాలకే ఒక విచిత్రమైన లోపం బయటపడింది. కీబోర్డు మీద ఏది టైపు చేసినా అది తెర వెనక రూట్ అధికారంతో నడుస్తున్న షెల్‌కు కూడా చేరుతోంది. రీబూట్ అన్న ఒక్క మాట టైపు చేసి ఎంటర్ నొక్కితే ఫోన్ నిజంగానే ఆగి మళ్లీ మొదలయ్యేది. గూగుల్ దాన్ని త్వరగానే సరిదిద్దింది గానీ, ఆలోపే కొందరు ఆ దారిన ఫోన్ మీద పూర్తి అధికారం సంపాదించారు. అధికారంతో పాటు ప్రమాదమూ వచ్చింది. సిస్టమ్ విభాగం మీద కొత్తది రాస్తే పాతది చెరిగిపోతుంది. కొత్తది పనిచేయకపోతే చేతిలో మిగిలేది పలకని ఫోన్. నాండ్రాయిడ్ అనే స్క్రిప్టు పుట్టింది ఈ అవసరంలోంచే. ఫోన్ రికవరీలో, అంటే మామూలు సిస్టమ్ మొదలుకాకుండా విడిగా నడిచే చిన్న మరమ్మతు ఏర్పాటులో ఉండగా అది బూట్, సిస్టమ్, డేటా విభాగాలను ఉన్నవి ఉన్నట్టు ఇమేజ్ ఫైళ్లుగా కార్డు మీదికి దించేది. వాటి పక్కన ఎండీ5 లెక్కలు రాసిన చిన్న ఫైలు ఉండేది. తిరిగి ఎక్కించే ముందు ఆ లెక్క సరిపోలాలి. ఇప్పుడు చూస్తే మోటుగా కనిపించే ఆ ఏర్పాటులో ఒక గొప్ప గుణం ఉంది. నకలు పడిన కార్డును గోటితో నొక్కి బయటికి తీయొచ్చు. ఫోన్ మొత్తం చెరిగిపోయినా కార్డుకు ఏమీ కాదు.

2009లో స్టీవ్ కొండిక్ తయారుచేస్తున్న సయనోజెన్‌మాడ్ అనే రోమ్‌కు ఆదరణ పెరిగాక, ఆ ఏడాది సెప్టెంబరులో గూగుల్ ఆయనకు నోటీసు పంపింది. ఆండ్రాయిడ్ మూలం అందరిదీ అయినా జీమెయిల్, మ్యాప్స్, యూట్యూబ్, మార్కెట్ యాప్‌లు గూగుల్ సొంతం, వాటిని రోమ్‌తో కలిపి పంచకూడదన్నది నోటీసు సారాంశం. ఫోన్‌తో పాటు వచ్చిన ఆ యాప్‌లను ముందు నకలు తీసి పెట్టుకుని, కొత్త రోమ్ ఎక్కించాక మళ్లీ పెట్టుకునే ఏర్పాటును కొండిక్ ప్రతిపాదించారు. ఫోన్ కొన్నప్పుడు దాంతో వచ్చినది కొన్నవాడి దగ్గర ఉండొచ్చు, మరొకరికి పంచకూడదు అనే గీత మీద ఆ ప్రతిపాదన నిలబడింది. బ్యాకప్‌ను దొంగ కాపీతో కలిపి మాట్లాడేవాళ్లు ఈ గీతను మరిచిపోతుంటారు. టైటానియం బ్యాకప్ లాంటి యాప్‌లతో కొనని ఆటలు చేతులు మారిన మాట నిజం. కానీ ఆ తప్పు పంచడంలో ఉంది. తన సందేశాలనూ, తాను కొన్న యాప్ సెట్టింగులనూ దాచుకున్నవాడికి దాన్ని అంటగట్టడం న్యాయం కాదు.

తర్వాతి నాలుగైదేళ్లు ఈ ఫోల్డర్లకు మంచి కాలం. కౌశిక్ దత్తా రాసిన క్లాక్‌వర్క్‌మాడ్ రికవరీ ఎన్నో మోడళ్లకు వచ్చింది. కార్డు మీద క్లాక్‌వర్క్‌మాడ్ పేరుతో ఫోల్డరు, దానిలో బ్యాకప్ ఫోల్డరు, దానిలో తేదీ, గంట, నిమిషం పేరుగా ఉన్న ఫోల్డర్లు. కొన్ని ఫోన్లలో రికవరీకి గడియారం సరిగా అందదు గనక ఫోల్డర్ పేరు 1970 జనవరి అని పడేది. అలాంటివి నాలుగు పోగుపడితే ఏది ఏ రోమ్‌దో తెలియదు. కాబట్టి బ్యాకప్ అయిన వెంటనే ఫోల్డర్ పేరు మార్చుకోవడం అలవాటుగా మారింది. పేరులో ఖాళీ జాగా వదిలితే రికవరీ తిరిగి ఎక్కించే సమయంలో తడబడుతుందని కూడా అనుభవం మీద నేర్చుకున్నారు. టైటానియం బ్యాకప్ పద్ధతి వేరు. విభాగం మొత్తాన్ని ముట్టుకోకుండా ఒక్కో యాప్‌ను విడిగా నకలు తీసేది: యాప్ ఫైలు ఒకటి, దాని డేటా కట్ట ఒకటి, వివరాలు రాసిన చిన్న ఫైలు ఒకటి. ఒక రోమ్ నుంచి మరో రోమ్‌కు మారేవాళ్లకు ఇదే ఆధారం. అయితే పాత రోమ్‌లోని సిస్టమ్ యాప్‌ల డేటాను కొత్త రోమ్ మీద కుమ్మరిస్తే యాప్‌లు వరసగా కూలిపోయేవి. సొంతంగా వేసుకున్న యాప్‌ల డేటా తెచ్చుకో, సిస్టమ్‌ది వదిలెయ్ అన్న నియమం అలా ఏర్పడింది.

ఈ కాలంలోనే జరిగిన ఒక పొరపాటు కథ నా వాదనకు చాలా ముఖ్యం. 2012లో క్లాక్‌వర్క్‌మాడ్ ఆరో తరం ఒక తెలివైన మార్పు తెచ్చింది. ప్రతి బ్యాకప్‌లోనూ మారని ఫైళ్లే ఎక్కువ గనక, ఫైళ్లలోని సరుకును బ్లాబ్స్ అనే ఉమ్మడి ఫోల్డర్‌లో ఒక్కసారే దాచి, తేదీ ఫోల్డర్‌లో జాబితా మాత్రం పెట్టింది. రెండో బ్యాకప్ క్షణాల్లో అయ్యేది, చోటు బాగా మిగిలేది. ఇంజనీరింగ్‌గా చూస్తే దీన్ని తప్పుపట్టలేం. వాడేవాళ్ల చేతిలో మాత్రం అసలుకే ఎసరు వచ్చింది. తేదీ ఫోల్డర్ చూసి అదే బ్యాకప్ అనుకుని కంప్యూటర్‌కు ఎక్కించుకున్నవాళ్ల దగ్గర మిగిలింది జాబితా. జీబీలకు జీబీలు తింటున్న బ్లాబ్స్ ఏమిటో తెలియక తుడిచేసినవాళ్లు తమ బ్యాకప్‌లన్నీ ఒక్క దెబ్బతో పోగొట్టుకున్నారు. తేదీ ఫోల్డర్ తుడిచి చోటు ఎందుకు మిగల్లేదని తల పట్టుకున్నవాళ్లు వేరే. కొంత కాలానికి ఫైళ్లన్నిటినీ ఒకే కట్టగా చుట్టే పాత టార్ పద్ధతిని ఎంచుకునే వీలు మళ్లీ ఇచ్చారు, చాలామంది దానికే మారారు. చోటు ఎక్కువ తిన్నా సరే, ఒక ఫోల్డర్ తీసుకెళ్తే బ్యాకప్ మొత్తం వెంట వస్తుందన్న భరోసాకు వాళ్లు ఓటేశారు. అది సరైన తీర్పు.

తెలుగువాళ్లకు ఈ చరిత్రలో సొంత కారణం ఒకటి ఉంది. ఆండ్రాయిడ్ 2.2, 2.3 కాలంలో చాలా ఫోన్లలో తెలుగు అక్షరాల చోట ఖాళీ డబ్బాలు కనిపించేవి. కొన్ని కంపెనీలు తమ మోడళ్లలో సొంతంగా భారతీయ భాషలు చేర్చాయి గానీ, మిగతావాళ్లకు ఉన్న దారి ఫోన్ రూట్ చేసి సిస్టమ్‌లోని ఫాంట్ల ఫోల్డర్‌లో తెలుగు అక్షరాలున్న ఫాంటును పెట్టడం. పెట్టినా ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా పడేవి, ఎందుకంటే వాటిని కలిపే ఏర్పాటు సిస్టమ్‌లో లేదు. ఆ ఫైలుకు అనుమతులు సరిగా ఇవ్వకపోతే ఫోన్ పూర్తిగా తెరుచుకోకుండా మళ్లీ మళ్లీ మొదలయ్యే బూట్‌లూప్‌లో చిక్కుకునేది. కాబట్టి తెలుగు చదవాలనుకున్నవాడు కూడా ముందు నాండ్రాయిడ్ బ్యాకప్ తీసుకోవలసి వచ్చింది. ఫోన్ మెనూలే తెలుగులో కనిపించే సదుపాయం ఆండ్రాయిడ్‌లోనే నేరుగా వచ్చింది 2014 నాటి 5.0తో. సిస్టమ్ ఫైళ్లను ముట్టుకోవడం పనిలేని కుర్రాళ్ల సరదా అని కొట్టిపారేసేవాళ్లకు ఈ ఒక్క ఉదాహరణ చాలు.

అసలు మలుపు 2011లో వచ్చింది. ఆ ఏడాది చివర వచ్చిన గెలాక్సీ నెక్సస్‌కు కార్డు పెట్టే చోటే లేదు. లోపలి మెమరీలోని డేటా విభాగంలోనే మీడియా అనే ఫోల్డర్ చేసి, దాన్నే యాప్‌లకు ఎస్‌డీ కార్డుగా చూపించారు. గూగుల్ ఇంజనీరు డాన్ మొరిల్ దీనికి చెప్పిన కారణాలు బలమైనవే. కార్డును పాత పద్ధతిలో కంప్యూటర్‌కు అప్పగిస్తే అంతసేపూ ఫోన్ దాన్ని వదులుకోవాలి, దాని మీది యాప్‌లు ఆగిపోతాయి. యాప్‌లకింత, ఫోటోలకింత అని ముందే గోడ కడితే ఒక పక్క నిండిపోయి మరో పక్క ఖాళీగా ఉండిపోతుంది. చోటంతా ఒక్కటైతే ఈ బాధలు ఉండవు. మామూలు వాడకానికి ఇది మేలే చేసింది. కానీ కార్డు ఇప్పుడు ఒక ఫోల్డర్, ఆ ఫోల్డర్ ఉన్నది చెరిపేయబోయే విభాగంలోనే. అక్కడ బ్యాకప్ పెట్టడమంటే ఇనప్పెట్టె మారు తాళం చెవిని ఆ ఇనప్పెట్టెలోనే దాచడం. టచ్ తెరతో వచ్చిన టీడబ్ల్యూఆర్‌పీ రికవరీ ఈ చిక్కును తనదైన పద్ధతిలో పరిష్కరించింది. డేటా బ్యాకప్‌లో మీడియా ఫోల్డర్‌ను చేర్చదు, మామూలు ఫ్యాక్టరీ రీసెట్‌లో దాన్ని ముట్టుకోదు. దీనివల్ల రెండు అపోహలు పుట్టాయి. డేటా బ్యాకప్ తీశాను గనక ఫోటోలు కూడా అందులో ఉన్నాయన్నది మొదటిది. రీసెట్‌కు తట్టుకున్న ఫోల్డర్ ఫార్మాట్ డేటాకూ తట్టుకుంటుందన్నది రెండోది. ఫార్మాట్ నొక్కగానే ఫోటోలతో పాటు బ్యాకప్ కూడా పోయిందని తెలుసుకున్నవాళ్లు అప్పటికి చేయగలిగిందేమీ లేదు.

2012 చివర్లో ఆండ్రాయిడ్ 4.2 ఒకే పరికరాన్ని పలువురు వాడుకునే ఏర్పాటు తెచ్చింది. ప్రతివాడికీ ఒక అంకె, మొదటివాడికి సున్నా. ఫైళ్లన్నీ సున్నా పేరుతో ఉన్న ఫోల్డర్‌లోకి వెళ్లాయి. పాత రికవరీకి ఈ సంగతి తెలియదు. 4.1కూ 4.2కూ మధ్య మారుతూ ఉంటే సున్నాలో సున్నా, దానిలో మరో సున్నా పుట్టేవి. ఫోటోలు పోయాయని కంగారుపడినవాళ్లకు అవి మూడో సున్నా అడుగున దొరికేవి. టీడబ్ల్యూఆర్‌పీ తన బ్యాకప్‌లను ఫోన్ సీరియల్ నంబరు పేరుతో ఉన్న ఫోల్డర్‌లో పెడుతుంది. ఒక ఫోన్ నకలు మరో ఫోన్ మీద పడకుండా అదొక కాపలా. కానీ మదర్‌బోర్డు మారినా, కొత్త రికవరీ ఆ నంబరును మరోలా చదివినా పాత బ్యాకప్‌లు జాబితాలో కనిపించవు. ఫైళ్లు ఎక్కడికీ పోలేదు, కొత్త నంబరు ఫోల్డర్‌లోకి జరిపితే సరిపోతుంది. ఫోల్డర్‌ను కళ్లతో చూసే హక్కు ఉన్నంతవరకూ ఇలాంటి చిక్కులన్నిటికీ విడుపు దొరికింది.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి ఎదురవుతుంది: ఫోల్డర్లు అంత బాహాటంగా ఉండడమే ప్రమాదం కదా? నిజమే. 2013లో 4.4 వచ్చేదాకా ఏ అనుమతీ లేకుండానే ఏ యాప్ అయినా కార్డు మీది ప్రతి ఫైలూ చదవగలిగేది. ఫ్యాట్ పద్ధతిలో ఉన్న కార్డుకు ఇది ఈ యాప్‌ది, అది ఆ యాప్‌ది అన్న భేదమే తెలియదు. 2018లో చెక్ పాయింట్ సంస్థ పరిశోధకులు, ఉమ్మడి స్టోరేజీలో ఒక యాప్ రాసుకున్న ఫైలును మరో యాప్ మార్చి దాన్ని ఎలా మోసం చేయగలదో చూపించారు. టార్చిలైటు యాప్ మన ఇంటి ఫోటోలు తిరగేయడాన్ని ఎవరూ సమర్థించరు. అందుకే 4.4లో కార్డు మీద రాసే అధికారాన్ని తగ్గించినప్పుడు, 2019, 2020ల్లో 10, 11 సంచికలు యాప్‌ల ఫోల్డర్లకు గోడలు కట్టినప్పుడు వాటి వెనక న్యాయమైన కారణమే ఉంది. నా అభ్యంతరం గోడల మీద కాదు. యాప్‌కూ యాప్‌కూ మధ్య కట్టిన గోడ యజమానికీ అడ్డమైంది. 11 తర్వాత యాప్‌ల డేటా ఫోల్డర్‌ను ఫైల్ మేనేజర్‌లో తెరవడం కూడా కష్టమైంది. యజమాని స్వయంగా అడిగినప్పుడు తెరుచుకునే తలుపు ఒకటి పెట్టడం అసాధ్యమేమీ కాదు.

గుప్తీకరణ విషయంలోనూ ఇదే జరిగింది. 2016 నాటి 7.0 నుంచి ఫైలు ఫైలుకూ తాళం పడే పద్ధతి వచ్చింది. ఆ తాళాలు చిప్‌లోని భద్రమైన భాగంతో ముడిపడి ఉంటాయి. ఫోన్ దొంగ చేతిలో పడినా ఫోటోలు పడవు, ఇది గొప్ప రక్షణ. రికవరీకి మాత్రం పిన్ చెప్పకపోతే లోపలి ఫోల్డర్లు అర్థంలేని అక్షరాలుగా, లోపలి స్టోరేజీ సున్నా ఎంబీగా కనిపిస్తాయి. పిన్ చెప్పి తీసిన నకలు మళ్లీ తాళం లేని టార్ కట్టగానే కార్డు మీద పడుతుంది. పాస్‌వర్డు పెట్టే వీలు టీడబ్ల్యూఆర్‌పీ ఇచ్చినా పట్టించుకున్నవాళ్లు తక్కువ. అదీ గాక వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కకుండా కాపలా కాసే బూట్‌లోడర్‌ను అన్‌లాక్ చేస్తే ఫోన్ తన డేటా మొత్తం తుడిచేస్తుంది. దొంగను ఆపడానికి పెట్టిన నియమమిది. దాని ఫలితం: పూర్తి బ్యాకప్ తీయాలంటే రూట్ కావాలి, రూట్ కావాలంటే అన్‌లాక్ చేయాలి, అన్‌లాక్ చేస్తే బ్యాకప్ తీయాల్సిన డేటా ఉండదు. కొన్న రోజునే అన్‌లాక్ చేసినవాడికే ఇది సాధ్యం. ఆ అన్‌లాక్ కూడా అన్నిసార్లూ యజమాని చేతిలో లేదు. 2015 ఆగస్టులో విశాఖపట్నంలో విడుదలైన రెడ్‌మీ 2 ప్రైమ్ మన శ్రీసిటీలోనే తయారైంది. ఆ తర్వాతి ఏడాది నుంచి అదే కంపెనీ ఫోన్లను అన్‌లాక్ చేయడానికి కంపెనీ అనుమతికి దరఖాస్తు పెట్టి ఎదురుచూడాల్సి వచ్చింది.

క్లౌడ్ అన్నీ దాస్తోంది కదా, ఇంత తంటా ఎందుకు అంటారు. ఏం దాస్తోందో చూద్దాం. 2015లో 6.0తో వచ్చిన ఆటో బ్యాకప్ ఒక్కో యాప్‌కు 25 ఎంబీ వరకే తీసుకుంటుంది. నా డేటా నకలు తీయొద్దని యాప్ తయారుచేసినవాడు ఒక్క గుర్తు పెడితే అదీ ఉండదు. ఆ గుర్తు గురించి యజమానిని ఎవరూ అడగరు. 2011లో 4.0తో వచ్చిన ఏడీబీ బ్యాకప్ కంప్యూటర్‌లోకి నేరుగా నకలు ఇచ్చేది. 2021లో 12 సంచికతో, ఆ సంచిక కోసం తయారైన యాప్‌ల డేటా అందులోంచి తప్పుకుంది. వాట్సాప్ ఫోల్డర్ ఒకప్పుడు స్టోరేజీ పైవరసలోనే కనిపించేది, ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోల్డర్‌లోని మీడియాలో చాలా లోతున ఉంటుంది. అందులోని సందేశాల ఫైలు నకలు తీసుకోవచ్చు గానీ దాన్ని విప్పే తాళం యాప్ సొంత ఫోల్డర్‌లో, రూట్ లేనివాళ్లకు అందని చోట ఉంటుంది. గూగుల్ డ్రైవ్‌లో పడే వాట్సాప్ బ్యాకప్‌లు 2018 నుంచి ఖాతా లెక్కలోకి వచ్చేవి కావు. 2024 నుంచి ఉచిత 15 జీబీలోనే సర్దుకోవాల్సి వచ్చింది. ఒక్క నిర్ణయంతో షరతులు మారిపోయే చోట పెట్టిన నకలును నాదని ఎంత ధీమాగా అనగలం?

క్లౌడ్ ఎప్పుడూ ముట్టుకోనిది ఇంకొకటి ఉంది. సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్, ఎస్2 రోజుల్లో రోమ్ మార్చాక సిగ్నల్ రాకపోవడం, ఫోన్ గుర్తింపు సంఖ్య అయిన ఐఎంఈఐ చోట శూన్యం కనిపించడం తరచుగా జరిగేది. ఈఎఫ్ఎస్ అనే చిన్న విభాగం చెడిపోవడమే కారణం. మీడియాటెక్ ఫోన్లలో ఎన్వీర్యామ్ విభాగానిది ఇదే పాత్ర. కొద్ది ఎంబీలే ఉండే ఆ విభాగంలో ఆ ఒక్క ఫోన్‌కే చెందిన రేడియో లెక్కలుంటాయి. మరో ఫోన్ నుంచి తెచ్చి పెట్టడానికి వీల్లేదు. ఐఎంఈఐ లేని హ్యాండ్‌సెట్లకు మన దేశంలో 2009 చివరి నుంచే సేవలు నిలిపేశారు, ఆ సంఖ్యను మార్చడాన్ని 2017 నిబంధనలు నేరంగా ప్రకటించాయి. కాబట్టి ఫోన్ బాగున్నప్పుడు తీసి పెట్టుకున్న దాని సొంత నకలే నిజాయితీ గల మరమ్మతు.

తాళం, యజమాని హక్కు రెండూ కలిసి ఉండలేవని ఎవరైనా అంటే దానికి సీడ్‌వాల్ట్ సమాధానం. లీనేజ్‌ఓఎస్, కాలిక్స్‌ఓఎస్ వంటి రోమ్‌లతో వచ్చే ఈ బ్యాకప్ యాప్‌కు రూట్ అక్కర్లేదు, ఎందుకంటే అది సిస్టమ్‌లోనే భాగం. నకలును యూఎస్‌బీ డ్రైవ్ మీదో, సొంత సర్వర్ మీదో పెట్టుకోవచ్చు. అంతా గుప్తీకరించి ఉంటుంది, దాన్ని విప్పేది 12 మాటల సంకేతం, ఆ మాటలు యజమాని దగ్గర తప్ప ఎక్కడా ఉండవు. లోపాలు లేకపోలేదు, బ్యాకప్ వద్దన్న యాప్‌లను అది కూడా మామూలుగా వదిలేస్తుంది, ఫోన్ నుంచి ఫోన్‌కు బదిలీ పద్ధతిని ఎంచుకుంటేనే మరికొన్నిటిని తీసుకుంటుంది. అయినా భద్రత పేరుతో యజమానిని బయట నిలబెట్టక్కర్లేదని అది పనిచేసి చూపిస్తోంది. జేబుల్లో ఉన్న ఫోన్లన్నిటిలో ఇలాంటి ఏర్పాటు పెట్టడానికి కంపెనీలకు సాంకేతికంగా అడ్డమేమీ లేదు.

మార్చిన ఫోన్ వాడుతున్నవాళ్లకు ఒక మనవి. టీడబ్ల్యూఆర్‌పీ ఫోల్డర్ ఫోన్‌లోనే ఉంటే ఇవాళే దాన్ని సీరియల్ నంబరు ఫోల్డర్‌తో సహా కంప్యూటర్‌కు ఎక్కించండి, పాస్‌వర్డు పెట్టండి. ఫోటోలను విడిగా తీసుకోండి, అవి డేటా బ్యాకప్‌లో లేవు. ఈఎఫ్ఎస్ నకలును దాని పక్కనే, ఏ ఫోన్‌దో రాసి పెట్టండి. సీడ్‌వాల్ట్ వాడుతుంటే ఆ 12 మాటలు కాగితం మీద రాసి ఇంట్లో ఇంకొకరికి చెప్పండి. ఫోన్ బాగున్న రోజునే ఒక చిన్న యాప్‌ను తీసేసి, నకలులోంచి తిరిగి తెచ్చుకుని చూడండి.